గుడ్డ కింద పదిహేనేళ్ళు

నేను ఒక గుడ్డ కింద పదిహేనేళ్ళు బతికాను. బతికాను అనడం కూడా కొంచెం ఎక్కువే. పెళ్ళిలో పనీపాటా లేని పెద్దమనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు నన్ను ఒక బల్ల మీద కూర్చోబెట్టి, ఎర్ర పువ్వుల బట్ట కప్పి, తలుపుకి తాళం వేశారు. పేరుకి కంప్యూటర్ని. లక్కెపల్లి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల సామాన్ల రిజిస్టరులో నా వరుస సంఖ్య నలభై ఒకటి. నలభై గోడ గడియారం, నలభై రెండు ప్లాస్టిక్ బకెట్టు. ముగ్గురం ఒకే పేజీలో ఉన్నా, బకెట్టుకి మాత్రం రోజూ పని ఉండేది.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. నా తెర ఒక దేశంలో తయారైంది, మీటలు ఇంకో దేశంలో తయారయ్యాయి. హైదరాబాదులో ఓ ఇరుకు మేడ మీద ఒకాయన స్క్రూలు నోట్లో పెట్టుకుని నన్ను బిగించాడు. మొదటిసారి కరెంటు ఇచ్చి నేను వెలగ్గానే, "అయిపాయె, ఇంకోటి తేండ్రి" అన్నాడు. నా జన్మదినానికి జరిగిన వేడుక అంతే. అసలు వేడుకంతా లక్కెపల్లిలో జరిగింది. రెండువేల రెండులో, బడులు తెరిచిన నెలలోనే, నన్ను ఆటోలో దించి కొబ్బరికాయ కొట్టారు. తెరకు పసుపు రాసి బొట్టు పెట్టారు. కుంకుమ రాలి నా మీటల సందుల్లో పడింది. సర్పంచ్ గారు నా పక్కన నిలబడి ఫోటో దిగారు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత అందరినీ బయటికి పంపి తాళం వేశారు.

తాళం వేసింది ప్రధానోపాధ్యాయుడు సదానందం సారు. ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీకు ఆయన మీద కోపం రావచ్చు. ఇంతకుముందు పనిచేసిన బడిలో ఆయన ఛార్జి తీసుకునే రోజున సామాన్లు సరిగా చూసుకోకుండా సంతకం పెట్టాడట. తీరా చూస్తే మైక్రోస్కోపుకి అద్దం లేదు. అది ఎప్పుడు పోయిందో, ఎవరు పోగొట్టారో దేవుడికే తెలియాలి. ఈయన మాత్రం మూడేళ్ళపాటు పై ఆఫీసుకి వివరణలు రాస్తూనే ఉన్నాడు. అప్పటినుంచి బడి సామాను అంటే ఆయనకి గుండెదడ. ముట్టుకోకపోతే చెడిపోదు అన్నది ఆయన నమ్మకం. నా గది తాళంచెవిని చేతిరుమాలు కొసకి కట్టి జేబులో పెట్టుకునేవాడు.

అయినా పాఠం మానలేదు. అక్కడే నాకు మనుషుల మీద కాస్త నవ్వొస్తుంది. నా గదికి, ఎనిమిదో తరగతి గదికి మధ్య ఒకే గోడ. ఆ గోడకి అవతల సారు నల్లబల్ల మీద సుద్దముక్కతో నన్ను గీసేవాడు. తెర, డబ్బా, మీటలు, వైరు, అన్నిటికీ బాణం గుర్తులు పెట్టి పేర్లు రాసేవాడు. పిల్లలు ఆ బొమ్మను నోటు పుస్తకాల్లో దింపుకునేవారు. పరీక్షలో అదే బొమ్మకి పది మార్కులు. అసలు నేను ఎనిమిది అడుగుల దూరంలో గుడ్డ కప్పుకుని కూర్చుని, నా గురించి వాళ్ళు వల్లె వేస్తుంటే వినేవాణ్ణి. ఆ తరగతిలో పదికి పది వచ్చింది ఒక్క అమ్మాయికే. పేరు స్వరూప. నన్ను ఒక్కసారి కూడా దగ్గరగా చూడకుండా నా బొమ్మను నాకంటే అందంగా గీసిందని సారు మెచ్చుకున్నాడు.

మరుసటి ఏడు వానాకాలంలో నస్రీన్ మేడం వచ్చింది. కాంట్రాక్టు మీద వేసిన కంప్యూటర్ టీచరు. కరీంనగర్ నుంచి మొదటి బస్సులో వచ్చేది. ఇరవై మూడేళ్ళుంటాయేమో. వస్తూనే నా మీది గుడ్డ లాగి పక్కన పడేసింది. సదానందం సారు ఆ గుడ్డను తీసి దులిపి మడతపెట్టాడు. ఆయన ముఖం చూస్తే, ఇంట్లో ఆడపిల్లని అప్పగించే తండ్రిలా ఉన్నాడు.

పగటి పీరియడ్లన్నీ నిండిపోయి ఉన్నాయి. అందుకని కంప్యూటర్ క్లాసు సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా అని నిర్ణయించారు. నిర్ణయించిన వాళ్ళలో ఎవరికీ ఏ దురుద్దేశమూ లేదు. కానీ లక్కెపల్లిలో ఆడపిల్లలకి సాయంత్రం అంటే బీడీలు. బడి వదలగానే ఇంటికి పరుగెత్తి, తల్లి ఒళ్ళోని చాట అందుకుని, తునికాకు కత్తిరించి, ఆరు గంటలకి కార్ఖానా మూసేలోపు కట్టలు పూర్తిచేయాలి. నాలుగున్నరకి బడిలో ఉండగలిగింది మగపిల్లలే. అలా నా ముందు కూర్చున్న పదహారు మందిలో ఒక్క ఆడపిల్ల కూడా లేకపోయింది. "ఆడివిల్లలకు దీనిమీద అంత షోకు లేదు మేడం" అన్నాడు సారు. చూసింది చూసినట్టే చెప్పాడు పాపం.

ఆ పదహారు మందిలో సంపత్ అని ఒకడుండేవాడు. వాళ్ళ నాన్నకి బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం ఉంది. అందులో నాలాంటిదే ఒకటి ఉంది. అందుకని వాడు వచ్చిన మొదటిరోజే నన్ను పాత చుట్టాన్ని పలకరించినట్టు టకటకా నొక్కేశాడు. మిగతా వాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. వాడికి పుట్టుకతోనే వచ్చిందని ఆరోజే బడంతా తేల్చేసింది. ఒకరోజు వాడు నా మౌస్ కింద మూత తిప్పి, లోపలి రబ్బరు గుండు తీసి, మైదానంలో గోలీలాటకి పట్టుకుపోయాడు. ఆ గుండు మళ్ళీ దొరకలేదు. నాకు చెయ్యి విరిగినంత పనైంది. సదానందం సారు కోప్పడతాడనుకున్నాను. ఆయన నవ్వాడు. "పోరడు హుషారున్నడు. ఇప్పిచూస్తెనే గద తెలిసేది" అన్నాడు. ఆ మాట నాకు చాలాకాలం గుర్తుండిపోయింది.

ఇక స్వరూప సంగతి. ఆ బడిలో గదులు ఊడ్చే పని ఆడపిల్లలది, బల్లలు మోసే పని మగపిల్లలది. ఎవరు పెట్టారో తెలియని ఏర్పాటు అది, ఎవరూ అడిగేవారు కాదు. నా గది ఊడ్చే వంతు తొమ్మిదో తరగతిలోకి వచ్చిన స్వరూపకి పడింది. పొద్దున ఎనిమిదింటికి వచ్చేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. బీడీ దారం కోసి కోసి వేళ్ళ చివర్లు గరుకుగా ఉండేవి. నా చుట్టూ ఊడ్చేటప్పుడు చీపురు నా వైరుకి తగలకుండా పక్కకి జరిగేది. ఊడ్చాక వెళ్ళిపోకుండా నా ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూసేది. ఆ సమయానికే బస్సు దిగి వచ్చే నస్రీన్ మేడం ఒక పొద్దున గుమ్మంలో ఆగి, ఆ చూడటాన్ని చూసింది.

"ఏంది బిడ్డా, అట్ల నిలబడ్డవ్? ముట్టుకో, కరవది."

"చెడిపోతది గద మేడం."

"నువ్వు ముట్టుకుంటే చెడిపోయేదైతే, అది ఉండి ఏం లాభం?" అంది మేడం. చీపురు తీసి మూలన పెట్టి, అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆరోజు నుంచి పందొమ్మిది పొద్దుటిపూటలు. నా బతుకులో లెక్కలోకి వచ్చే కాలం అదే.

నా తెర మీద ఒక చిన్న త్రికోణం ఉండేది. మేడం దాన్ని తాబేలు అనేది. ముందుకి యాభై అడుగులు నడువు అని మీటలు నొక్కితే గీత గీస్తూ నడిచేది. కుడికి తొంభై తిరుగు అంటే తిరిగేది. స్వరూప ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్ని వెతుక్కుని, చూపుడువేలితో నొక్కి, మొదటిరోజు ఒక చతురస్రం గీసింది. గీత చివరికొచ్చి మొదటి గీతను కలుసుకోగానే చప్పట్లు కొట్టి, ఎవరైనా విన్నారేమోనని వెంటనే చేతులు దించేసింది.

మూడోరోజు ఒక ప్రశ్న అడిగింది. "మేడం, అదే మాట నాలుగుమాట్ల చెప్పాల్నా? ఒక్కపారి చెప్పి, నాలుగుమాట్ల జెయ్యి అంటే చెయ్యదా?"

సాయంత్రం క్లాసులు మొదలై నెలన్నరైంది. ఆ పదహారు మందిలో ఏ ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. పుట్టుకతో వచ్చినవాడు కూడా అడగలేదు. వాళ్ళకి మేడం చెప్పింది, వాళ్ళు రాసుకున్నారు. ఈ పిల్ల తనంతట తాను ఆ గుమ్మం దాకా నడిచొచ్చి తలుపు తట్టింది. ఒకే పనిని రోజుకి వెయ్యిసార్లు చేసే చేతులకే ఆ ప్రశ్న పుడుతుందేమో నాకు తెలియదు. నేను మాత్రం ఆరోజు సంతోషించాను. యంత్రానికి సంతోషమేమిటని అడగకండి. పెద్దమనిషిలా కూర్చోబెట్టినవాణ్ణి ఎవరో పనికి పిలిచారు, అంతే.

"ఎన్నిమాట్ల చెప్తే అన్నిమాట్ల జేస్తదా?" అని అడిగింది స్వరూప.

"చేస్తది."

"అలసిపోదా మేడం?"

"అలసిపోదు."

స్వరూప తన వేళ్ళ చివర్లు చూసుకుంది. "మా అమ్మకు ఇసొంటిది ఒకటుంటే మంచిగుండు" అంది.

తర్వాత ఎన్నో గీసింది. వలయాలు, చక్రాలు, ఆరు రేకుల పువ్వు. నాకు తెలియని మాటను కూడా నాకు నేర్పవచ్చని మేడం చెప్పిన రోజు మాత్రం ఆమెకు కుర్చీలో నిలకడ లేకపోయింది. ఒక పేరు పెట్టి, ఆ పేరుకి అర్థం ఏమిటో విడమర్చి రాస్తే, ఇక ఆ పేరు చెబితే చాలు, నేను ఆ పనంతా చేస్తాను. స్వరూప నాకు నేర్పిన మొదటి మాట 'కట్ట'. ఇరవై అయిదు చిన్న వలయాలు గుండ్రంగా పేర్చినట్టు, బీడీ కట్టని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. నన్ను చేసినవాళ్ళకి, అమ్మినవాళ్ళకి, కొన్నవాళ్ళకి ఎవరికీ తెలియని మాట నాకు వచ్చింది. పందొమ్మిదో రోజున మేడం ఆ బొమ్మ చూసి, "నువ్వు పెద్దయినంక గిదే పని జేస్తవ్ చూడు" అంది. స్వరూపకి సిగ్గేసి చీపురు తీసుకుంది. అలాంటి పని ఒకటి ఉంటుందని, దాంతో మనుషులు బతుకుతారని ఆమె వినడం అదే మొదలు.

ఇరవయ్యో రోజున మొదటి బస్సు దారిలో పంచరైంది.

ఊడవడానికి స్వరూప చేతికి తాళంచెవి ఇచ్చారు. ఊడ్చింది, మేడం కోసం చూసింది. మేడం రాలేదు. తనే నన్ను వెలిగించింది. రాత్రంతా ఆలోచించిపెట్టుకుని వచ్చినట్టుంది, గబగబా రాసింది. కట్ట గీయి, కొంచెం పక్కకి తిరుగు, మళ్ళీ మొదటికొచ్చి కట్ట గీయి. చాలా అందమైన ఆలోచన. ఎక్కడ ఆగాలో మాత్రం రాయలేదు. నేను మొదలుపెట్టాను. కట్ట మీద కట్ట, దాని మీద కట్ట. మొదట పూలదండలా వచ్చింది, స్వరూప నవ్వింది. తర్వాత గీతల మీద గీతలు పడి తెరంతా తెల్లబడిపోవడం మొదలైంది. ఆపడం ఎలాగో ఆమెకి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఒక మీట నొక్కింది, ఇంకో మీట నొక్కింది. నేను ఆగలేదు. చెప్పినంతసేపూ చేస్తూనే ఉండటం నా గుణం. మెచ్చుకున్నా అదే, తిట్టినా అదే.

అప్పుడే సదానందం సారు గుమ్మంలోకి వచ్చాడు. తెల్లగా మెరిసిపోతున్న తెర, మీట తర్వాత మీట నొక్కుతున్న పిల్ల. ఆయన కళ్ళ ముందు ఆ మైక్రోస్కోపు అద్దం మెదిలే ఉంటుంది. ఒక్క గంతులో వచ్చి గోడలోంచి ప్లగ్గు పీకేశాడు. తెర నల్లబడింది.

"ఏం జేసినవే?"

స్వరూప ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆగుమని చెప్పుడు మర్చిపోయిన సార్."

ఆ జవాబుకి నూటికి నూరు మార్కులు వేయాలి. ఏం తప్పు జరిగిందో, ఎక్కడ జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పింది. ఈ పనిలో తల నెరిసినవాళ్ళు కూడా తమ తప్పును అంత సూటిగా చెప్పలేరు. సారుకి మాత్రం అది ఎదురు మాట్లాడటంలా వినపడింది. "సర్కారు సామాన్ చెడగొట్టి మళ్ళ మాటలా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. భయపడినవాళ్ళ గొంతు పిల్లలకి కోపంలాగే వినపడుతుంది.

కబురు వెళ్ళి ఆమె తల్లి భూలక్ష్మి వచ్చింది. ఒళ్ళోంచి చాట దించి అలాగే పరుగెత్తుకొచ్చినట్టుంది, కొంగుకి పొగాకు పొడి అంటుకుని ఉంది. గుమ్మం దాటలేదు. నన్ను చూసి, నా నల్లటి తెర చూసి, చచ్చిపోయిన పశువును చూసినట్టు చూసింది. "ఎరుకలేక ముట్టుకున్నది సారు. నీ కాల్మొక్త. ఇగ జన్మల ముట్టది" అంది. కూతురి చెంప మీద ఒక్కటి కొట్టింది. "ముట్టనని సారుకు చెప్పు" అంది.

"ముట్ట సార్" అంది స్వరూప.

వాళ్ళు వెళ్ళిపోయారు. నాకేమీ కాలేదని నేను ఎలా చెప్పను? ప్లగ్గు పెడితే చాలు, అదే క్షణంలో వెలుగుతాను. నా లోపల చెక్కుచెదిరింది ఏదీ లేదు. ఎవరో ఒకరు పెట్టండి అని ఎంత అరిచినా నా గొంతు బయటికి రాదు. నాకు గొంతు ఇచ్చేవాళ్ళు రోడ్డు మీద పంచరైన బస్సు పక్కన నిలబడి ఉన్నారు.

పది గంటలకి నస్రీన్ మేడం వచ్చి ప్లగ్గు పెట్టింది. నేను వెలిగాను. మేడం పరుగున వెళ్ళి సారుకి చెప్పింది. "ఏం కాలే సార్. అందరు చేసే తప్పే. నేను కూడ చేస్త. ఆ అమ్మాయి ఒక్క నెలల ఎంత నేర్చుకున్నదో మీకు ఎరుకనా?" సారు గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. "బతికిచ్చినవమ్మా. కని తాళంచెయ్యి మాత్రం ఇగ పోరగాండ్లకు ఇయ్యద్దు" అన్నాడు. ఆయనకి సంగతి అక్కడితో అయిపోయింది.

స్వరూపకి అక్కడే మొదలైంది. మర్నాడు ఆమె బడికి రాలేదు. మేడం తోటి పిల్లలతో కబురు పెట్టింది, మేడం రమ్మంటుందని చెప్పండని. వాళ్ళు ఆ ముక్కే మోసుకెళ్ళారు. మేడం పిలుస్తుంది. చెడగొట్టిన పిల్లకి ఆ కబురు ఎలా వినపడుతుంది? మేడం కూడా కొడుతుందని భయపడి జ్వరం వచ్చిందని చెప్పించి ఇంట్లోనే కూర్చుంది. రెండోసారి కబురు పెడితే ఇంకో వారం. చాట ముందు కూర్చుని కట్టలు కడుతూ, బుద్ధిగా, ఎవరికీ కనపడకుండా.

అలా ఆమె బడికి రాని పన్నెండు రోజుల్లోనే పైనుంచి కాగితం వచ్చింది. కాంట్రాక్టు ముగిసింది, కంప్యూటర్ టీచర్లు ఇక రానక్కరలేదు. నస్రీన్ మేడం సంచి సర్దుకుని వెళ్తూ, "ఆ పిల్ల వచ్చినంక ఏం చెడిపోలేదని చెప్పుండ్రి సార్. మర్చిపోకుండ్రి" అంది. "చెప్త చెప్త" అన్నాడు సారు. అదే సాయంత్రం ఎర్ర పువ్వుల బట్ట తీసి నాకు కప్పి తాళం వేశాడు.

మర్నాడు స్వరూప బడికొచ్చింది. తాళం చూసింది. ఎందుకు తాళం వేశారో ఎవరూ ఆమెకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. పిల్లలు మాత్రం చెప్పుకున్నారు. స్వరూప చెడగొట్టింది, అందుకే మేడమ్ని తీసేశారు, అందుకే గది మూసేశారు. గోడ అవతల నుంచి నేను ఆ మాట విన్నాను. ఆమె కాదనలేదు. ఏ ఆధారంతో కాదంటుంది?

ఆ తర్వాత నా సంగతులన్నీ గుడ్డ కింద విన్నవే. కరెంటు లేకుండా ఎలా వినపడిందని అడగకండి, రిజిస్టరులో నా పక్కనున్న బకెట్టుకు వినపడినట్టే నాకూ వినపడింది. దసరాకి వచ్చి బొట్టు పెట్టేవారు, మళ్ళీ తాళం వేసేవారు. రెండేళ్ళకి స్వరూప పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కింది. లెక్కల్లో బడికంతటికీ మొదటిది. పాలిటెక్నిక్ పరీక్ష రాస్తే ర్యాంకు వచ్చింది. ఫారం నింపడానికి సదానందం సారు ఆమెను నా పక్క గదిలోకే పిలిచాడు. ఆయనే, స్వయంగా, "కంప్యూటర్ తీస్కో బిడ్డా. జమానా దానిదే. మన దగ్గరి కాలేజీల సీటు వస్తది" అన్నాడు.

నా తీగలన్నీ బిగుసుకుపోయాయి.

"అద్దు సార్. అది నాతోని గాదు. నా చెయ్యి మంచిది కాదు" అంది స్వరూప.

"ఎందుకట్లంటవ్?" అన్నాడు సారు. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు. ఆయనకి ఏమీ గుర్తులేదు. తెల్లటి తెర లేదు, ప్లగ్గు లేదు, మేడం చెప్పమన్న మాట లేదు. ఆయన మరిచిపోయిన రోజునే ఆమె రెండేళ్ళుగా మోస్తోంది. తనని ఆటపట్టిస్తున్నాడనుకుందో ఏమో, ఆమె లేచి బయటికి నడిచింది. సారు నిట్టూర్చి కాగితం మడిచాడు. ఆ పై ఏడు ఆమెకి పెళ్ళయింది. ఊళ్ళోనే.

సంపత్ ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ చదివాడు. ఒక వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చి, మైకులో, "చిన్నప్పటి నుంచీ కంప్యూటర్ నా రక్తంలోనే ఉంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అబ్బాయి కష్టపడ్డాడు, కాదనను. కానీ అతని వేళ్ళనీ, ఆమె వేళ్ళనీ కూడా నా మీటల మీద మోసినవాణ్ణి నేను. రక్తం సంగతి నాకు తెలియదు. అతనికి ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి దొరికాయి. ఏదైనా ఊడదీస్తే నవ్వేవాళ్ళు దొరికారు. ఆమెకి పందొమ్మిది పొద్దుటిపూటలు దొరికాయి. ఆ తేడాకే జనం తెలివి అని పేరు పెట్టారు.

సారు రిటైరయ్యాడు. నా విషయంలో ఒక్క వివరణ కూడా రాయాల్సిన అవసరం లేకుండా, పూలదండ వేయించుకుని వెళ్ళాడు. ఈ మధ్యలో నేను నిజంగానే చెడిపోయాను. వానాకాలపు చెమ్మ నా బోర్డుల మీద పచ్చగా పేరుకుంది. ఎలుకలు డబ్బాలో కాపురం పెట్టి తీగలు కొరికాయి. ఎవరూ ముట్టుకోకుండానే, నిమ్మళంగా, ఏళ్ళ తరబడి చెడిపోయాను.

పోయిన నెల బడికి పది కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ప్రవళిక అని కొత్త టీచరు వచ్చింది. నా మీది గుడ్డ తీసి, నన్ను తుక్కు కింద రాసి, కొత్త గదిలో ఒక మూలన పెట్టించింది. తుక్కు ఆటో సోమవారం వస్తుంది. ఈ టీచరు తెలివైనది, క్లాసు మధ్యాహ్నం పెట్టింది, అయినా తల్లిదండ్రుల సంతకాలు అడిగింది. నిన్న ఆరో తరగతి పిల్ల సాత్వికను వెంటబెట్టుకుని వాళ్ళమ్మ వచ్చింది.

వేళ్ళ చివర్లు చూసి గుర్తుపట్టాను. స్వరూప.

"మా పిల్లను ఈ క్లాసుల ఉంచద్దు మేడం. సంతకం అద్దన్నట్టు పెట్టిపోదమని వచ్చిన" అంది.

"ఎందుకక్కా? మంచిగ చదువుతది గద సాత్విక. మొన్న తలుపు కాన్నుంచే చూసి, ఎన్ని ప్రశ్నలు అడిగిందో."

స్వరూప జవాబు చెప్పబోతూ మూలకి చూసింది. నన్ను చూసింది. చాలాసేపు చూసింది. "అది నేను చెడగొట్టిందే మేడం" అంది. తర్వాత అంతా చెప్పింది. తాబేలు, కట్ట, తెల్లబడిన తెర. ఒక్కటీ మరిచిపోలేదు. ఆరోజు తను రాసిన వరస ఇది అని, గాలిలో వేలితో ఒక్కో అక్షరం నొక్కి చూపించింది. పదిహేనేళ్ళ తర్వాత, ఒక్క తప్పు లేకుండా. వింటున్న ప్రవళిక కళ్ళు పెద్దవయ్యాయి.

"అక్కా, నువ్వేం చెడగొట్టలే. గట్ల రాస్తే అది ఆగకుంట తిరుగుతది, అంతే. కాలేజీల మేం వారానికోసారి గదే తప్పు చేస్తుంటిమి. ఒక్క మీట ఒత్తితె ఆగుతది."

"ఒక్క మీటనా?" అంది స్వరూప.

"ఒక్క మీటనే. తీసి మళ్ళ ప్లగ్గు పెడితె మంచిగ నడుస్తది. ఉండు, నీకు ఇప్పుడే చూపిస్త" అంటూ టీచరు లేచింది. ప్రవళిక ఉత్సాహం నాకు అర్థమైంది. నోటితో చెబితే నమ్మదు, కళ్ళతో చూస్తే నమ్ముతుంది. నా వైరు దులిపింది. గోడలో పెట్టింది. స్వరూప లేచి ఒక అడుగు దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో పద్నాలుగేళ్ళ పిల్ల ఒక్క క్షణం కనపడింది.

నా బతుకులో ఎప్పుడూ ఏదీ కోరుకోలేదు. ఆ క్షణంలో కోరుకున్నాను. ఒక్కసారి, ఒక్క నిమిషం వెలిగితే చాలు, తర్వాత తుక్కులో ఎన్ని ముక్కలు చేసినా సరే అనుకున్నాను. టీచరు బొత్తాం నొక్కింది. లోపల ఎక్కడో చిన్నగా టక్కుమంది. అంతే. రెండోసారి నొక్కింది. మూడోసారి వైరు కదిపి నొక్కింది.

తెర నల్లగానే ఉంది.

"ఇది పాతదైపోయింది అక్కా. ఎలుకలు కొట్టినట్టున్నయి. ఇన్నేండ్లు వాడక చెడిపోయింది. నీతోని కాదు" అంది ప్రవళిక.

స్వరూప తల ఊపింది. చిన్నపిల్లలు తమని ఓదారుస్తుంటే పెద్దవాళ్ళు ఊపినట్టు ఊపింది. "నేను చెప్తనే ఉన్న గద మేడం" అంది. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. టీచరు బల్ల మీది కలం తీసుకుని, కాగితం మీద అందమైన దస్తూరీతో 'వద్దు' అని రాసి, కింద సంతకం పెట్టింది.

బయటికి వెళ్ళాలంటే రెండు వరసల కొత్త కంప్యూటర్ల మధ్య నుంచి నడవాలి. అన్నీ వెలుగుతున్నాయి. "చేతులు ఎనుకకు పెట్టుకో బిడ్డా" అంది స్వరూప. సాత్విక రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దేనికీ తగలకుండా ఒద్దికగా నడుచుకుంటూ తల్లి వెనకాలే వెళ్ళిపోయింది.